మా బాబుకు ఇన్సూరెన్సు వెదికిన కథ

ఈ బ్లాగులో ఇంతవరకు పెద్దోళ్ళ కథలు, ఊరి జాతర్లు, అవ్వ పెట్టే ఊరగాయలు వచ్చినాయి. నేను రాసేది ఇన్సూరెన్సు గురించి. చదివేవాళ్ళకు కొంచెం విసుగు పుట్టొచ్చు. "రాయి పాపా, మనోళ్ళలో ఇంకా రెండు మూడు ఇండ్లలో ఇట్లాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ళు ఫోన్ చేసి అడగడానికి కూడా మొగమాట పడతారు" అని చిన్నాయన అన్నాడు. అందుకే రాస్తున్నాను.

మా బాబుకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మూడో ఏట ఆటిజం అని తేలింది. ఐదో ఏట ఒక రాత్రి ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాము. ఆ బిల్లు మా కంపెనీ గ్రూప్ పాలసీ కట్టింది. గ్రూప్ పాలసీలో ఉన్న సుఖం అదే. ముందునుంచీ ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మా పాలసీలో పిల్లవాడికి ఏముంది, ఏం లేదు అని ఎవరూ అడగలేదు. పేరు, పుట్టిన తేదీ ఇచ్చినాను, కార్డు వచ్చింది.

ఆ కార్డు ఉద్యోగంతో ముడిపడింది. మా ఆయనది సొంత వ్యాపారం, ఆయన వైపు నుంచి కవరేజీ ఏమీ లేదు. 2023లో మా ప్రాజెక్టు మూతపడుతుందని మాట వచ్చినప్పుడు నాకు జీతం కంటే ముందు ఆ కార్డు గుర్తుకొచ్చింది. టెస్టింగ్ పనిలో మాకొక అలవాటు ఉంటుంది. ఏదైనా ఒక్క చోటే ఆధారపడి ఉంటే, అది పోతే ఏమవుతుందో ముందే రాసి పెట్టుకుంటాము. మా బాబు వైద్యమంతా నా ఒక్క ఉద్యోగం మీద నిలబడి ఉండింది.

నిజానికి దానికి రెండేళ్ళ ముందే, 2021లో, బయట ఒక ఫ్యామిలీ పాలసీకి అప్లై చేసినాము. ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ కింది జబ్బులు, లోపాలు ఎవరికైనా ఉన్నాయా, అవును లేక కాదు. ఆ ప్రశ్న దగ్గర మా ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. మామ ఒకటే మాట: "అవన్నీ ఏమిటికి రాసేది పాపా? చూసేకి బాగానే ఉండాడు కదా పిల్లోడు. వాళ్ళేమన్నా ఇంటికొచ్చి చూస్తారా?" ఏజెంటు కూడా ఇంచుమించు అదే చెప్పినాడు, ఇంకొంచెం తియ్యగా. ఇద్దరూ చెడ్డోళ్ళు కాదు. మామకు పిల్లవాడి మీద ప్రాణం. ఏజెంటుకు పాలసీ నడవాల.

నేను అవును అనే చోటే టిక్ పెట్టినాను. పక్కన డాక్టరు రిపోర్టు కూడా జత చేసినాను. పది రోజులకు మెయిల్ వచ్చింది. మా ఇద్దరికీ ఇస్తారట, బాబుకు ఇవ్వరట. కారణం ఒక్క లైను కూడా సరిగ్గా లేదు. ఆటిజానికి ఖర్చు ఇవ్వమంటే అర్థముంది. డెంగీ వస్తే? మెట్ల మీద పడి చెయ్యి విరిగితే? అపెండిసైటిస్ అయితే? వాటికీ ఆటిజానికీ ఏం సంబంధం? పిల్లవాడికి ఉన్న ఒక్క విషయాన్ని చూసి మొత్తం పిల్లవాడినే పక్కన పెట్టేసినారు.

"చూసినావా, రాయకుండా ఉంటే వచ్చుండేది" అన్నాడు మామ. వచ్చుండేది నిజమే, పాలసీ కాగితం వచ్చుండేది. క్లెయిము వచ్చినప్పుడు ఆసుపత్రి కేస్ షీటులో మొదటి లైనే 'ఆటిజం ఉన్న బాలుడు' అని రాస్తారు. అది చూసిన రోజు కంపెనీ క్లెయిమూ ఇవ్వదు, పాలసీనీ రద్దు చేస్తుంది. ఇప్పుడు రూలు ఏమంటే, అయిదేళ్ళు, అంటే 60 నెలలు, తెగకుండా ప్రీమియం కడితే ఆ తర్వాత చెప్పని జబ్బు పేరు పెట్టి కంపెనీ క్లెయిము కాదనకూడదు. ముందు ఇది ఎనిమిదేళ్ళు ఉండింది, 2024లో తగ్గించినారు. అయితే మోసం అని రుజువైతే ఈ రక్షణ ఉండదు. తెలిసి దాచిపెట్టి, అయిదేళ్ళు పిల్లవాడికి ఏమీ కాకూడదని దేవునికి మొక్కుకుంటూ కూర్చునేది ఇన్సూరెన్సు ఎట్లా అవుతుంది?

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. ఫిట్స్ వచ్చినప్పుడు న్యూరాలజీ డాక్టరు అడిగినారు, ఇంటి పెద్దల్లో ఎవరికైనా ఫిట్స్ కానీ మాట రాకపోవడం కానీ ఉండేనా అని. నేను, మా నాయన లేదనే అనుకున్నాము. ఇంటికొచ్చి అవ్వను అడిగితే, ఆమె మజ్జిగ చిలుకుతూ, "ఎందుకు లేదు, మీ తాతకు తమ్ముడొకడుండె. మాట రాదు. ఆవుల్ని మాత్రం పేరుపేరునా గుర్తుపట్టేటోడు" అనింది. అరవై ఏళ్ళు బతికినాడంట. ఇదే బ్లాగులో రెండేళ్ళ కింద మనము ఎంతో కష్టపడి పెట్టుకున్న వంశవృక్షంలో ఆయన డబ్బా లేదు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, కాబట్టి గీత ఆయన దగ్గరికి పోలేదు. ఆయనకు అనారోగ్యం చేస్తే ఎవరు చూసేవాళ్ళు అని అడిగితే, "ఇంకెవరు, వదినెలం ముగ్గురం ఉంటిమి కదా" అనింది అవ్వ.

ఆ ముగ్గురు వదినెలు ఉండే ఇల్లు ఇప్పుడు లేదు. మేము ముగ్గురమే, బెంగళూరులో రెండు రూముల ఇంట్లో. చిన్నాయనా, ఆయన పేరు అవ్వకు మాత్రమే తెలుసు, ఈసారి అడిగి చెట్టులో చేర్చు.

సరే, ఇన్సూరెన్సుకు వస్తాను. 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వెన్నుపూస గాయంతో చక్రాల కుర్చీలో ఉండే ఒకాయన, తనకు ఆరోగ్య బీమా ఇవ్వమని కంపెనీలు తిప్పి పంపినాయని కోర్టుకు పోయినారు. ఆరోగ్యం పొందే హక్కు బతికే హక్కులో భాగమే అని కోర్టు చెప్పింది. బీమా నియమాల్లో ఇట్లాంటివాళ్ళను 'తక్కువ రకం ప్రాణాలు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో పిలిచేవాళ్ళు. ఆ మాట ఒప్పుకోదగ్గది కాదని కూడా కోర్టు అనింది. అది చదివినప్పుడు నాకు 2021లో వచ్చిన ఆ మెయిల్‌లో రాయకుండా వదిలేసిన కారణం ఏమిటో అర్థమయ్యింది.

ఆ తీర్పు వెనకనే, 2023 ఫిబ్రవరి 27న, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్ పంపింది. ఆరోగ్య బీమా అమ్మే కంపెనీలన్నీ వైకల్యం ఉన్నవాళ్ళకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకు ఒక పాలసీ పెట్టి తీరాలని, అదీ వెంటనే పెట్టాలని. మా ప్రాజెక్టు మూతపడే మాట వచ్చింది ఆ ఎండాకాలంలోనే. నేను ఫోన్లు చేయడం మొదలుపెట్టినాను. కాల్ సెంటర్లో సగం మందికి తమ కంపెనీలో అట్లాంటి పాలసీ ఉందని కూడా తెలియదు. "మేడం, అది మా దగ్గర లేదు" అంటే, "ఉంది, మీ వెబ్‌సైట్లో ఫలానా పేజీలో ఉంది, తెరిచి చూడండి" అని నేనే చెప్పినాను. బగ్ రిపోర్టు రాసినట్టు తేదీ, టైము, మాట్లాడినవాళ్ళ పేరు రాసి పెట్టుకున్నాను. తర్వాత మెయిల్లో ఆ వివరాలు పెట్టేసరికి జవాబు ఒక్కరోజులో వచ్చింది.

గ్రూప్ పాలసీ నుంచి బయటికొచ్చేటప్పుడు అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు కూడా ఉంటుంది. అయితే ఉద్యోగంలో ఉండగానే అడగాల, ఆఖరి రోజు దాటితే కష్టం. నేను అడిగినాను. పెద్దవాళ్ళిద్దరికీ సరే అన్నారు, బాబు మాట మాత్రం దాటేసినారు. మీరు కూడా అడగండి, కొందరికి ఇచ్చినారని విన్నాను.

చివరికి బాబుకు విడిగా, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన పాలసీ తీసుకున్నాము. అయిదు లక్షలకు. ఇందులో మనకు ఇష్టమైనవీ కానివీ రెండూ ఉన్నాయి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. వైకల్యానికి సంబంధించిన వైద్యానికి 24 నెలలు ఆగాల. ప్రతి క్లెయిములోనూ 20 శాతం మనమే కట్టుకోవాల. 40 శాతం లేదా ఆ పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాల. మామూలు పిల్లల పాలసీతో పోలిస్తే ఇది సన్నది. అయినా జ్వరమొచ్చి, కాలు విరిగి ఆసుపత్రిలో చేరితే కౌంటరు దగ్గర చూపించేకి కార్డు ఉంది. ఆ 24 నెలలు 2025లో ముగిసినాయి. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేసినారు కాబట్టి రెన్యూవల్‌కు కొంచెం ఊపిరి ఆడింది.

ఇక థెరపీ. అసలు ఖర్చు అక్కడే ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఆటిజం పిల్లవాడు ఆసుపత్రిలో పడుకునేది ఎప్పుడో ఒకసారి. వారం వారం పోయేది స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి. మాకు వారానికి ఆరు సెషన్లు, ఒక్కోటి 600 రూపాయలు. నెలకు 14,400. ఇది మా ఇంటి బాడుగ కంటే ఎక్కువ. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఇది చేరకుండా చేసే వైద్యం. మా కంపెనీ గ్రూప్ పాలసీ కూడా ఇందులో ఒక్క రూపాయి ఇవ్వలేదు.

దీనికి కొంచెమైనా ఇచ్చేది 'నిరామయ'. ఇది మనోళ్ళలో ఎవరికీ తెలియదు, నేను థెరపీ సెంటరు బయట బెంచీ మీద కూర్చున్న ఇంకొక అమ్మ దగ్గర విన్నాను. 1999 చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు, ఈ నాలుగింటికి అది పని చేస్తుంది. దాని బీమా పథకమే నిరామయ. ఏడాదికి లక్ష రూపాయల వరకు. వయసు అడ్డు లేదు. ముందుగా వైద్య పరీక్ష లేదు. ముందునుంచీ ఉన్న లోపం అని తోసేయడం లేదు, ఎందుకంటే ఆ లోపం ఉన్నవాళ్ళకే ఈ పథకం. ఓపీ ఖర్చు, మందులు, థెరపీ కూడా వస్తాయి. మేము చేరినప్పుడు దారిద్ర్యరేఖకు పైన ఉన్నవాళ్ళకు ఫీజు 500, కింద ఉన్నవాళ్ళకు 250. పోయిన నెల మా అక్క బిరియానీకి పెట్టిన ఖర్చు దీనికంటే ఎక్కువ.

లక్ష అంటే మొత్తం ఒకే మూట కాదు. లోపల ఒక్కో ఖర్చుకు ఒక్కో హద్దు ఉంటుంది. థెరపీకి ఇచ్చేది మాకు రెండు నెలలకు కూడా రాదు. డబ్బు మనము ముందు కట్టి, తర్వాత బిల్లులు పంపి తెప్పించుకోవాల. అసలు బిల్లులే కావాల, జెరాక్సు పనికిరాదు. డాక్టరు చీటీలో ఏ థెరపీ, వారానికి ఎన్నిసార్లు అని రాసి ఉండాల. ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపల పంపమన్నారు. పథకం ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు, కాబట్టి జనవరిలో చేరినవాళ్ళకు మూడు నెలలే దొరుకుతాయి. చేరేది నేషనల్ ట్రస్ట్ దగ్గర రిజిస్టరైన సంస్థల ద్వారా. ఫారం నింపేది వాళ్ళే, మనము కాగితాలు తీసుకుపోతే చాలు.

కాగితాలంటే ముందు వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. ఆటిజానికి ఐసా అనే పట్టీతో మార్కులు వేస్తారు, ఆ పట్టీని తయారుచేసింది సికింద్రాబాదులోని జాతీయ సంస్థ. పిల్లవాడిని గదిలో కూర్చోబెట్టి, పిలిస్తే చూస్తాడా, ఇంకొకరితో ఆడతాడా అని నలభై విషయాలు చూస్తారు. 70 మార్కులు వస్తే 40 శాతం. ఆ రోజు మా బాబు ఎప్పుడూ లేనంత చక్కగా ప్రవర్తించినాడు. మా ఆయన నా చెవిలో "ఈ రోజే ఎందుకు ఇట్ల?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన పిల్లవాడు బాగా చేస్తే మార్కులు తగ్గి సర్టిఫికెట్ పోతుందేమో అని గుబులు. అట్లాంటి పరీక్ష ఇంకెక్కడా చూడలేదు నేను.

సర్టిఫికెట్ ఒక రాష్ట్రంలో తీసుకుంటే దేశమంతా చెల్లుతుంది, 2016 చట్టంలోనే ఆ మాట ఉంది. ఇది మనలాంటి గడినాడు వాళ్ళకు ముఖ్యం. పలమనేరులో ఉండే మా పెద్దమ్మ, "మా అడ్రసు మీద రేషన్ కార్డు చేయించుకోండి, ఇక్కడ ఆరోగ్యశ్రీ వస్తుంది" అని ప్రేమగా చెప్పింది. అది వద్దు. రాష్ట్ర పథకాలు ఆ రాష్ట్రం కార్డుకు కట్టుబడి ఉంటాయి, మనము ఇక్కడివాళ్ళం. ఇక్కడ ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక ఉంది కదా. బీపీఎల్ కుటుంబాలకు ఏడాదికి అయిదు లక్షలు. ఏపీఎల్ వాళ్ళకు ప్యాకేజీ రేటులో 30 శాతం, ఏడాదికి లక్షన్నర వరకు. ఇందులో ఆటిజం ఉందా అని అడిగే ఫారం లేదు. కోలారు, ముళబాగిలు వైపు ఉండే మనోళ్ళలో బీపీఎల్ కార్డు ఉన్నవాళ్ళు మొదట దీన్నే పట్టుకోవాల.

పేరు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే మా మొదటి నిరామయ క్లెయిము దీని దగ్గరే నాలుగు నెలలు ఆగింది. మన ఇండ్లలో తాతల కాలం నుంచి కన్నడవాళ్ళ వాడుక ప్రకారం పేరు ముందు ఊరి అక్షరం, నాయన అక్షరం పెట్టుకుంటూ వచ్చినాము. ఇంటిపేరు పెండ్లి పత్రికలో తప్ప ఎక్కడా రాయము. మా నాయనకు మాత్రం మనవడితోనైనా ఇంటిపేరు మళ్ళీ మొదలుపెట్టాలని ఆశ. పుట్టిన సర్టిఫికెట్‌లో రాయించినాడు. ఆధార్‌లో అది చివరికి పోయింది. యూడీఐడీలో కన్నడం నుంచి ఇంగ్లీషుకు మారి ఇంకొక స్పెల్లింగు అయ్యింది. బ్యాంకు పాసుబుక్కులో ఒట్టి అక్షరం. నలుగురు పిల్లలకు సరిపోయే పేర్లు మా ఒక్క బాబుకు. క్లెయిము చూసే కంప్యూటరుకు మన వంశ చరిత్ర తెలియదు కదా. ఆధార్‌లో ఎట్లుందో అట్లే అక్షరం తేడా లేకుండా అన్నిటిలో మార్పించినాము, తర్వాత డబ్బు వచ్చింది. ఇంటిపేరు ఉంది, పోలేదు. మా నాయన సంతోషమే.

ఇంకా, మొదటి సర్టిఫికెట్ చిన్న పిల్లలకు తాత్కాలికంగా ఇస్తారు. దాని మీద గడువు తేదీ ఉంటుంది. మాది పాలసీ రెన్యూవల్ కంటే నెల ముందు ముగిసేటట్టు ఉండింది. మూడు నెలల ముందే క్యూలో నిలబడి కొత్తది చేయించుకున్నాము.

ఆదాయపు పన్నులో పాత పద్ధతిలో ఉన్నవాళ్ళకు 80డీడీ కింద 75,000 తగ్గింపు ఉంది, వైకల్యం 80 శాతం లేదా ఆ పైన ఉంటే 1,25,000. కొత్త పద్ధతిలో అది లేదు. లెక్క వేసుకోండి, పాతదే మేలు కావచ్చు.

కంపెనీ క్లెయిము తోసేస్తే ఏడుస్తూ కూర్చోవద్దు. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. నెల దాటినా జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపల ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. బెంగళూరులో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

కన్నడ మీడియం చదువులో నేను ఇన్సూరెన్సుకు 'విమె' అని నేర్చుకున్నాను, బీమా అనే మాట పెళ్ళయినాక మా అత్తమ్మ నోట విన్నాను. ఈ ఫారాలు మాత్రం ఈ రెండు భాషల్లో దేనిలోనూ దొరకలేదు, అన్నీ ఇంగ్లీషే. కాబట్టి మన ఇండ్లలో పెద్దవాళ్ళు ఏజెంటు వేలు చూపించిన చోట సంతకం పెడతారు. అట్ల పెట్టకండి. ఫారంలో జబ్బుల పేజీ ఏమని నింపినారో చదివించుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఏజెంటు 'కాదు' అని టిక్ పెట్టినా, సంతకం మనదే కాబట్టి మాట మనదే అవుతుంది.

బాబుకు పద్దెనిమిది నిండినాక ఏమి అనేది ఇంకొక పెద్ద కథ. అప్పుడు తల్లిదండ్రులమైనా చట్టం ప్రకారం గార్డియన్లుగా మమ్మల్ని జిల్లా కమిటీ నియమించాల. ఇంకా పదేళ్ళుంది, అయినా ఫైలులో దానికొక ఖాళీ పాకెట్టు పెట్టినాను.

సంక్రాంతికి ఊరికి వస్తున్నాము. ఫైలు తెస్తాను. నిరామయ ఫారం ఎట్లుంటుందో, డాక్టరు చీటీ ఎట్ల రాయించుకోవాలో చూడాలనుకునేవాళ్ళు చిన్నాయన ఇంటికి రండి. రాలేనివాళ్ళు చిన్నాయనకు చెప్పండి, నేనే ఫోన్ చేస్తాను, మీరు చేయనక్కరలేదు. ఎవరి ఇంటి విషయమూ ఈ బ్లాగులోకి రాదు.